పదిహేడు కడచీలలు

సుబ్బరత్నమ్మ పాడె సంతవీధి దాటడానికి అరగంట పట్టింది.

వీధి పొడవు రెండు వందల గజాలు మించదు. కానీ ఆ మాఘమాసంలో రెండు పక్కలా కలిపి పదిహేడు ఎద్దులబండ్లు నిలబడి ఉన్నాయి. వాటికి ఎద్దులు లేవు. నొగలు నేలకు వాలి, కాళ్ళు చాపుకొని కూర్చున్న మనుషుల్లాగా వీధి నడిమిదాకా వచ్చి ఉన్నాయి. మోసేవాళ్ళు నలుగురూ ఒక అడుగు ముందుకు, ఒక అడుగు పక్కకు వేస్తూ, పాడెను ఒకచోట ఏటవాలుగా తిప్పి, ఒకచోట తలల పైకెత్తి నడిచారు. ఎదురింటి బయమ్మ వాకిలి ముందర ఒక బండి కాడి పాడె వెదురుకు తగులుకుంది. ఎంత లాగినా రాలేదు. చివరికి పాడెను కిందికి దించక తప్పలేదు.

ఊరు దాటాక దింపుడు కళ్ళం దగ్గర దించాల్సిన మనిషిని వీధిలో, బండ్ల మధ్య, దుమ్ములో దించారు. నిప్పుకుండ పట్టుకొని ముందు నడుస్తున్న కొండప్ప అయ్యవారు వెనక్కి తిరిగి చూశాడు. భార్య ముఖం మీద బండిచక్రం ఆకుల నీడ గీతలు గీతలుగా పడి ఉంది. అది చూసి ఆయన మళ్ళీ ముందుకు తిరిగాడు.

"వీధిలో దించితే వీధి ఇంకొకర్ని అడుగుతాదంటారప్పా" అని వెనకనుంచి ఎవరో అన్నారు. మెల్లగానే అన్నారు గానీ, ఆ మాట అందరికీ వినిపించింది.

ఆ బండ్లు అక్కడికి వచ్చింది వానలు లేక. అప్పటికి మూడేళ్ళుగా సరైన వాన లేదు. వీధి చివర గురువారం గురువారం పశువుల సంత జరిగేది. మేత లేక, నీళ్ళు లేక, ఎద్దులు కళ్ళముందే పడిపోతుంటే చూడలేక, చుట్టుపక్కల పల్లెల రైతులు వాటిని సంతకు తెచ్చేవారు. వచ్చేటప్పుడు బండి కట్టుకొని వచ్చేవారు. ఎద్దులు అమ్ముడుపోయాక బండిని లాగేదెవరు? ఏదో ఒక గోడ పక్కకు నెట్టి, పెళ్ళాంబిడ్డలతో మూటలెత్తుకొని అటునుంచి అటే రైలెక్కేవారు. గుంతకల్లు మీదుగా హోసపేటకు. అక్కడ తుంగభద్ర మీద కడుతున్న ఆనకట్టలో రాళ్ళు మోసేవాళ్ళకు కూలి దొరుకుతోందని అందరికీ తెలుసు. దీపావళి నాటికి వీధిలో మూడు బండ్లుండేవి. పుష్యమాసం పోయేసరికి పదిహేడయ్యాయి. పోయినవాళ్ళలో ఒక్కడూ తిరిగి రాలేదు.

కొండప్ప బోర్డు స్కూల్లో తెలుగు చెప్పేవాడు. యాభై దాటిన మనిషి. కోపం వచ్చినా గొంతు పెంచడు. పిల్లవాడు తప్పు రాస్తే కొట్టకుండా, ఆ మాట కింద సన్నగా గీత గీసి పుస్తకం తిరిగిచ్చేవాడు. ఊళ్ళో ఎవరికి ఏ కాగితం రాయించుకోవాలన్నా ఆయన దగ్గరికే వచ్చేవారు.

పెద్దకర్మ అయిన మూడో రోజు కూతురు కణేకల్లుకు వెళ్ళిపోయింది. నెలరోజులు ఉంటానంది. అక్కర్లేదన్నాడు. ఆ మరుసటి రోజు నుంచి బడికి పోయాడు. ఉదయం తలుపు తీస్తే ఎదురుగా, పాడెకు తగులుకున్న ఆ కాడి. సాయంత్రం తాళం తీస్తుంటే వీపు వెనక అదే కాడి. ఇంట్లో వండుకొన్నది తింటూ ఉంటే చక్రం నీడ కళ్ళలోకి వచ్చేది. తినడం మానేసి కంచం కడిగేసేవాడు.

పదిహేను రోజులు అట్లా గడిచాక, కిరాణా అంగడి నారాయణ నలుగురిని వెంటబెట్టుకొని వచ్చాడు.

"అయ్యోరూ, ఈ బండ్ల సంగతి పంచాయతీ బోర్డుకు ఒక అర్జీ పెట్టాల. ఆడోళ్ళు కడవలెత్తుకొని పోయేకి దావ ల్యాదు. బండ్ల కింద తేళ్ళు. నిన్న మా పిల్లకు కుట్టింది. నా అంగడికి మూటలు దించాలంటే వీధి మొదట్లో దించి తలమీద మోసుకోవాల్సి వస్తాంది" అన్నాడు నారాయణ. ఎదురుగా ఉన్న కాడి వైపు చూసి, "మీకు జెప్పాల్నా? ఆ పొద్దు మనమంతా చూసినాము గదా" అన్నాడు.

ఆయన సరేనన్నాడు.

ఆ రాత్రి కాదు, మరుసటి రోజు ఆదివారం పొద్దున, వెలుతురులో కూర్చొని రాశాడు. నాలుగుసార్లు రాశాడు. మొదటి మూడింటిలో పాడె మాట వచ్చింది. మూడింటినీ చించేశాడు. నాలుగోదానిలో పాడె లేదు, భార్య లేదు. వీధి వెడల్పు, బండ్ల లెక్క, కడవలు, తేళ్ళు, నడవలేని ముసలివాళ్ళు ఉన్నారు. అయినా రాసింది చదువుకుంటే ఏదో చాలనట్టు అనిపించింది. చివర ఒక వాక్యం చేర్చాడు. "ఈ బండ్లకు యజమానులెవరూ లేరు, వీటిని గురించి అడిగేవారు గానీ, వీటికి పూచీ పడినవారు గానీ ఈ వీధిలో ఎవ్వరూ లేరు." అది రాశాక కలం పక్కన పెట్టాడు. ఐదు నెలలుగా ఎవరూ వచ్చి అడగడం ఆయన చూడలేదు. చూసిందే రాశాననుకున్నాడు.

వీధిలో చదువు వచ్చినవాళ్ళు సంతకాలు, రానివాళ్ళు వేలిముద్రలు వేశారు. వీధి ఇంకొకర్ని అడుగుతుందన్న మాట అందరి కడుపుల్లోనూ ఉంది. ఎదురింటి బయమ్మ దగ్గరికి వేలిముద్ర కోసం ఆయనే కాగితం పట్టుకొని పోయాడు. బయమ్మ ఒంటరి ముసలామె. అరుగు మీద కూర్చొని ఎండిన చింతగింజలు కొడుతూ ఉంది.

"ఏలు ఎందుకప్పా?" అంది.

"ఈ బండ్లు తీసేయమని అర్జీ, అవ్వా."

"ఎవురు తీసేయమనేది?"

"వీధంతా."

"నేను వీధిలో ల్యానా? నన్ను వదిలిపెట్టి వీధంతా ఎట్లయితాది?" అని రాయి పక్కన పెట్టింది. ఆయన ముఖంలోకి చూసింది. "మీ ఇంటామె ఉండి ఉంటే ఈ కాగితం మింద ఏలు పెట్టునా అయ్యోరూ?"

ఆయన కాగితం చుట్టుకున్నాడు. "ఆమె లేదు కాబట్టే రాసినాను."

"నేను జెప్పేదీ అదే" అంది బయమ్మ, మళ్ళీ రాయి అందుకొని.

ముసలామె మాట మనసుకు ముల్లులా తగిలింది. చనిపోయిన మనిషిని మధ్యకు లాగడం ఆయనకు నచ్చలేదు. ఇంకేమైనా అడగాలని తోచలేదు. అడిగి ఉంటే ఆమె ఆ రోజే చెప్పేది. ఆయనకు తెలుసనే ఆమె అనుకుంది.

పంచాయతీ బోర్డు ఆఫీసంటే రెండు గదులు. ముందుగదిలో గుమాస్తా తిప్పయ్య, లోపలిగదిలో ప్రెసిడెంటు బయ్యన్న. బయ్యన్నది నూరెకరాల మెట్ట. వానల్లేక ఆ నూరెకరాలూ బీడుపడి ఉన్నా ఆయన తలపాగా మాత్రం నలగలేదు. కొత్తగా ఒక లారీ కొన్నాడు. కరువు జొన్నలు స్టేషను నుంచి పల్లెల్లోని గంజి కేంద్రాలకు చేరవేసే కాంట్రాక్టు ఆయనదే.

అర్జీ తిప్పయ్య చదివి వినిపించాడు. బయ్యన్న కళ్ళు మూసుకొని విన్నాడు.

"అయ్యోరి తెలుగు ఇంటే కడుపు నిండుతాదప్పా. ఊరూరా తిరిగి చదివితే గంజి కేంద్రాలు మూసేయొచ్చు" అన్నాడు. తిప్పయ్య నవ్వాడు. నవ్వి, చివరి వాక్యం దగ్గర వేలు పెట్టాడు.

"అన్నా, ఈ మాట ఒకటి ఉండాది. ఆస్తికి ఆసామి ఉంటే నోటీసియ్యాల, గడువియ్యాల, యాడుండేదీ కనుక్కోవాల. ఆసామి లేదంటే అదేమీ అక్కర్ల్యా. ఊళ్ళో తప్పెట కొట్టించి వేలం ఏసేయొచ్చు."

బయ్యన్న కళ్ళు తెరిచాడు. "తెలిసే రాసినారా అయ్యోరూ?"

వేలం అన్న మాట కొండప్ప అనుకోలేదు. ఎక్కడైనా ఊరి బయటికి, సంత మైదానంలోకి తోయిస్తారనుకున్నాడు. అదే చెప్పబోయాడు. కానీ ఆ క్షణంలో కాడి కనిపించింది, వెదురుకు తగులుకొని.

"ఉన్నదే రాసినాను" అన్నాడు.

ఉగాది పోయిన పదిరోజులకు తప్పెట కొట్టారు. ఊళ్ళోనే కొట్టారు. హోసపేటకు అది వినపడదు. వేలంపాటకు నలుగురు వచ్చారు. బండ్లు కొనేవాడెవడు, ఎద్దులే లేని కాలంలో? కట్టెల ధరకు, ఊరి బయట సున్నంబట్టీ పెట్టుకున్న చెన్నప్ప పదిహేడూ పాడుకున్నాడు. కొండప్ప అప్పుడు బళ్ళో ఉన్నాడు.

మరుసటి రోజు పొద్దున చెన్నప్ప రెండు జతల ఎద్దులను, ఐదుగురు మనుషులను తీసుకొని వచ్చాడు. బడికి ఇంకా పొద్దుంది. కొండప్ప వాకిట్లో నిలబడ్డాడు. మొదటి బండికి ఎద్దులు కట్టి అదిలించారు. బండి నాలుగు గజాలు కదిలి, ఎడమ చక్రం ఊడి, దొర్లుకుంటూ పోయి నారాయణ అంగడి మెట్లకు కొట్టుకొని పడింది. ఇరుసు నేలకు కుంగింది. వీధిలో పిల్లలు నవ్వారు. రెండో బండి కడితే రెండోదీ అంతే.

చెన్నప్ప వంగి చూశాడు. తరువాత ఒక్కొక్క బండి దగ్గరా వంగి చూసుకుంటూ వీధి చివరిదాకా పోయి వచ్చాడు.

"ఒక్కదానికీ ఎడమపక్క కడసీల ల్యాదు" అన్నాడు. "పీక్కోని పోయినారు నాకొడుకులు."

ఇరుసు చివర చక్రం జారిపోకుండా అడ్డంగా దిగగొట్టే ఇనుప చీల అది. జానెడు ఉంటుంది. అది లేకపోతే బండి ఉన్నచోటే ఉంటుంది గానీ ఎక్కడికీ పోలేదు. పరాయి ఊళ్ళో బండి విడిచి పోవాల్సి వస్తే ఆ వైపు రైతులు ఒక చీల పీకేవారు. దాన్ని వెంట తీసుకుపోరు. తమకు నమ్మకం కుదిరిన ఇంట్లో నీళ్ళడిగి తాగి, ఆ ఇంటివాళ్ళ చేతికిచ్చి పోయేవారు. తీసుకున్నవాళ్ళు ఆ బండికి పూచీ. దానికి కాగితం ఉండదు, సాక్షి ఉండడు. ఈ సంగతి పల్లెల్లో అందరికీ తెలుసు. తాలూకా కచేరీ గుమాస్తా కొడుకుగా పుట్టి, బడిలో బతికిన కొండప్పకు తెలియదు.

"పీక్కోని పోలా" అంది బయమ్మ తన అరుగు మీదనుంచి. "ఈడనే ఉండాయి. సుబ్బరత్నమ్మకిచ్చి పోయినారు."

వీధి అంతా కొండప్ప వైపు తిరిగింది.

ఆయన లోపలికి పోయాడు. ఎక్కడ వెతకాలో తెలియలేదు. భార్య పోయాక ఆయన వంటింట్లో రెండు గిన్నెలు, ఒక కుండ తప్ప ఏదీ ముట్టుకోలేదు. అటక మీద, ఖాళీ రాగుల కుండ వెనక, బిస్కత్తుల రేకుడబ్బా ఒకటి కనిపించింది. ఎత్తబోతే బరువుగా ఉంది. కిందపెట్టి మూత తీశాడు.

చీలలు. తుప్పు పట్టకుండా ఆముదం రాసి ఉన్నాయి. ఒక్కొక్కదానికీ ఒక్కొక్క గుడ్డపీలిక. ఎర్రది, పసుపుది, నల్లచారలది, ఎవరిదో పంచె అంచు, ఎవరిదో చీర కొంగు. కొన్నిటికి ఒక ముడి, కొన్నిటికి రెండు. ఆమెకు అక్షరాలు రావు. నేర్పిస్తానని పెళ్ళయిన కొత్తలో అన్నాడు. ఆ తరువాత తీరలేదు. తనకు వచ్చిన పద్ధతిలో ఆమె లెక్క పెట్టుకుంది. పదిహేడు ఉన్నాయి.

అప్పుడు గుర్తొచ్చింది. కార్తీకంలో ఒక సాయంత్రం, ఆయన పిల్లల పుస్తకాలు దిద్దుతుంటే, ఆమె గడప దగ్గర నిలబడి ఏదో చెప్పింది. "ఆ పక్కపల్లెవాళ్ళు ఈ పొద్దు బండి ఈడ పెట్టిపోయినారండీ. నన్ను చూసుకోమన్యారు" అంది. ఆయన "ఊఁ" అన్నాడు. తప్పుమాట కింద గీత గీస్తూ అన్నాడు. ఆమె కాసేపు నిలబడి వంటింట్లోకి పోయింది. ఇంకెన్నిసార్లు అట్లా చెప్పిందో, ఎన్నిసార్లు తాను ఊఁ అన్నాడో ఆయనకు తెలియలేదు.

డబ్బా చంకలో పెట్టుకొని బోర్డు ఆఫీసుకు పోయాడు. ఆ రోజు బడికి పోలేదు. ఇరవై ఏడేళ్ళ ఉద్యోగంలో చెప్పకుండా మానడం అదే మొదలు.

బయ్యన్న డబ్బాలోకి తొంగిచూసి, ఒక చీల తీసి, తిప్పి చూసి, మళ్ళీ అందులో వేశాడు.

"నేను రాసింది తప్పు. బండ్లకు యజమానులున్నారు. పూచీ పడిన మనిషి ఉండింది, మా ఇంట్లోనే. ఆ అర్జీ వెనక్కి తీసుకుంటాను" అన్నాడు కొండప్ప.

"మీరు ఒక్కరే పెట్టినారా తీసుకునేకి? నలభై మంది ఏలిముద్రలు ఉండాయి దాని మింద."

"ఇంకొక అర్జీ రాస్తాను."

"రాయండి. దాని మింద ఎవురు ఏలు పెడతారో అదీ చూస్తాము." బయ్యన్న గొంతులో ఎగతాళి లేదు. అలసటే ఉంది. "సరే, ఒక మాట చెప్తా ఇనండి అయ్యోరూ. నేను మరీ అంత చెడ్డోన్ని కాను. ఎవుని బండి ఏదో పేర్లు జెప్పండి. పేరు, ఊరు. ఆసామి ఉండాడని తిప్పయ్య రాసుకుంటాడు. పేరున్న బండి వరకు ఆపుతా. చెన్నప్పకు నేను జెప్పుకుంటా."

తిప్పయ్య కాగితం ముందుకు లాక్కొని కలం పట్టుకున్నాడు.

కొండప్ప డబ్బాలోకి చూశాడు. ఎర్ర పీలిక. నల్లచారల పీలిక. రెండు ముడులు. ఆయన చదవలేని రాత అది.

"చెప్పండి" అన్నాడు తిప్పయ్య.

"తెలియదు" అన్నాడు.

"ఒక్కటన్నా?"

"ఒక్కటీ తెలియదు."

తిప్పయ్య కలం మూత పెట్టాడు. ఆ చిన్న చప్పుడు కొండప్పకు చాలాకాలం గుర్తుండిపోయింది.

తిరిగి వచ్చేసరికి చెన్నప్ప ఆయన అరుగు మీదే కూర్చొని ఉన్నాడు. "సీలలు మీకాడ ఉండాయంట గదా. ఇట్లియ్యండి, పొద్దెక్కుతాంది" అన్నాడు.

"ఇవ్వను."

"ఏమప్పా, మీరే తీసేయమంటిరి, మీరే ఇయ్యనంటిరి."

"ఇవి నావి కావు. ఇచ్చినవాళ్ళు వస్తే వాళ్ళకిస్తాను."

చెన్నప్ప లేచి పైపంచె దులుపుకున్నాడు. "మీ ఇష్టం. మాకు గొడ్డండ్లు ఉండాయి" అన్నాడు.

రెండు రోజులు పట్టింది. చక్రాల ఆకులు ఒకటొకటిగా విరగ్గొట్టారు. ఇనుప పట్టాలు వేరుగా దొర్లించుకుపోయారు. ఇరుసులు, నొగలు, కాడులు, అన్నీ ముక్కలై మోపులై సున్నంబట్టీకి పోయాయి. పాడెకు తగులుకున్న కాడిని నరికేటప్పుడు కొండప్ప కిటికీలోంచి చూశాడు. మనసులో ఏదో తేలికపడుతుందని అంతకుముందు అనుకున్నాడు. అట్లాంటిదేమీ జరగలేదు. మూడో రోజు వీధి ఊడ్చినట్టు ఉంది. గోడల వెంట, చక్రాలు ఆనుకున్నచోట, గుంటలు మాత్రం మిగిలాయి.

వారం తిరిగేసరికి బయ్యన్న లారీ వచ్చి, సరిగ్గా కొండప్ప ఇంటి ముందర ఆగింది. ఊళ్ళో అంత వెడల్పు వీధి అదొక్కటే అయ్యింది మరి. రోజూ సాయంత్రం వచ్చి ఆగేది. నూనె కారేది. ఒక పక్క గోడను రాసుకుంటే సున్నం రాలిపోయింది. ఇంకో నెలకు రెండో లారీ వచ్చింది. నారాయణ మళ్ళీ వచ్చి నిలబడ్డాడు.

"అయ్యోరూ, ఆ బండ్లే మేలు. అవి ఒకచోట పడి ఉండేవి. ఈటి గురించి ఒకటి రాయండి."

"నేను రాయను, నారాయణా."

"మీరు గాకపోతే ఎవురు రాస్తారు?"

"తెలియదు" అన్నాడు ఆయన. ఈ మాట ఇప్పుడు ఆయనకు తేలిగ్గా వస్తోంది.

ఆ రోజుల్లోనే ఒకనాడు చెన్నప్ప, ఇంటికి సున్నం కావాలా అని అడుగుతూ వచ్చాడు. పోతూ పోతూ గడప దగ్గర ఆగాడు. "ఆ పొద్దు మీరు సీలలిచ్చింటే బండ్లు బండ్లుగానే ఉంటాండె, అయ్యోరూ. నేనేమన్నా తిక్కోన్నా, మంచి తుమ్మకట్టె ఇరుసులు బట్టీలో ఏసేకి? మా దొడ్లో నిలబెడతాంటి. వాన పడితే ఎవుని బండి వాడు వచ్చి ఎంతోకంతకు తోలుకోని పోతాండె. సీలల్లేక, లాగేకి కాక, నరికిస్తి." ఆ మాట కోపంగా అనలేదు. గుర్తొచ్చి అన్నాడు.

ఆషాఢంలో వాన పడింది. మూడు రోజులు విడవకుండా పడింది. వీధి గుంటల్లో నీళ్ళు నిలిచాయి. నాలుగో రోజు ఆదివారం. పొద్దున్నే ఒక ఆడమనిషి రెండు ఎద్దులను పట్టుకొని వీధిలోకి వచ్చింది. ముప్పై ఏళ్ళుంటాయి. ఎండకు, రాతిదుమ్ముకు ముఖం బూడిదరంగుకు తిరిగి ఉంది. ఎద్దులు బక్కగా ఉన్నా కుర్రవి. ఒకదాని మెడలో గంట. ఆమె లారీ ముందు ఆగి, లారీ వెనక్కి పోయి, మళ్ళీ ముందుకు వచ్చింది. గోడలు చూసింది. ఇల్లు ఇదేనా అన్నట్టు తలుపు చూసింది.

కొండప్ప లోపలినుంచి అంతా చూశాడు. తరువాత వాకిట్లోకి వచ్చాడు.

"అయ్యా, అమ్మ ల్యాదా?" అంది.

"ఏ అమ్మ?"

"ఈ ఇంటి అమ్మ. సుబ్బరత్నమ్మ. నేను గుట్టకిందపల్లె ఈరన్న పెండ్లాన్ని, సుంకమ్మని. ఆయమ్మకు తెలుసు."

"మాఘమాసంలో పోయింది."

సుంకమ్మ పగ్గాలు చేతికి చుట్టుకుంది. "జరమా?" అంది.

"జ్వరమే."

"మాకు నీళ్ళిచ్చి, పిల్లోనికి రాగిముద్ద పెట్టింది. రైలు టైమయితాందంటే ఆ ముద్ద ఆకులో కట్టిచ్చింది." ఎద్దును చూస్తూ అంది. ఏడవలేదు. "మా బండి ఈ గోడకే పెట్టింటిమి."

ఆయన లోపలికి పోయి డబ్బా తెచ్చి అరుగు మీద పెట్టి మూత తీశాడు. సుంకమ్మ వెతకలేదు. వేళ్ళు పెట్టి నీలం అంచు పీలిక ఉన్న చీలను బయటికి తీసింది. ఆమె కట్టుకున్న చీర వెలిసిపోయింది గానీ, దాని అంచు అదే నీలం. ఒకచోట చిరిగిన కొస కనిపిస్తోంది.

"ఇదే మాది. ఆముదం పూసిందే, తల్లి" అంది. "బండి యాడికి జరిపినారయ్యా?"

ఈ మాట ఎవరో ఒకరు అడుగుతారని ఆయనకు తెలుసు. రెండు నెలలుగా జవాబు మనసులో దిద్దుకుంటూ ఉన్నాడు. ఏది ముందు చెప్పాలో, ఏది వదలకూడదో కూడా అనుకొని పెట్టుకున్నాడు. చెప్పేటప్పుడు అదేదీ రాలేదు. పాడె తగులుకున్నదని చెప్పాడు. అర్జీ తానే రాశానని, బండ్లకు ఎవరూ లేరని తానే రాశానని చెప్పాడు. వేలం, గొడ్డండ్లు, సున్నంబట్టీ చెప్పాడు. చీలలు ఇచ్చి ఉంటే బండ్లు మిగిలేవన్న మాట కూడా చెప్పాడు. చెప్పకుండా ఉండొచ్చు. ఆమెకు తెలిసే దారి లేదు.

సుంకమ్మ గోడ దగ్గర గుంటలో నిలిచిన నీళ్ళు చూస్తూ విన్నది.

"ఈరన్న ఆడనే ఉండాడు. కాలిమింద రాయి పడింది" అంది చివరికి. "ఎద్దుల్ని తోలుకోని పో, బండి కట్టుకోని ఊరికి పోయి ఇత్తనం ఏయి, నేను మెల్లగా వస్తానన్యాడు. ఆర్నెల్లు రాళ్ళు మోసి తెచ్చుకున్యాము ఈటిని."

"నన్ను తిట్టు, సుంకమ్మా" అన్నాడు కొండప్ప. తన నోటినుంచి ఆ మాట వస్తుందని ఆయన అనుకోలేదు.

ఆమె తల తిప్పి ఆయనను మొదటిసారిగా సరిగ్గా చూసింది.

"మిమ్మల్ని ఏమని తిట్టేదయ్యా? మీకియ్యల్యా గదా మేము. ఆయమ్మ చేతికిచ్చినాము."

చీలను కొంగున ముడివేసుకుంది. "ఇనుము గదా, దేనికన్నా పనికొస్తాది" అంది.

పగ్గం సర్దుకొని కదలబోతుంటే ఆయన ఆపాడు. లోపలికి పోయి ఒక కాగితం, పెన్సిలు తెచ్చాడు. తక్కిన పదహారు చీలలూ అరుగు మీద వరసగా పరిచాడు.

"ఇవి ఎవరివో నీకేమైనా తెలుసా?"

సుంకమ్మ వంగి చూసింది. తొందరపడలేదు. ఎర్ర పీలిక మా ఊరి కదిరమ్మదంది. పసుపుది, ఒక ముడిది, కదిరమ్మ మరిది కొండప్పది అంది. ఆయన తన పేరే రాసుకుంటూ ఒక్క క్షణం ఆగి, రాశాడు. ఇంకో రెండు, రైల్లో కలిసిన వాళ్ళవి, పేరు ఒకరిది తెలుసు, ఇంకొకరిది ఊరే తెలుసు. తక్కిన వాటి మీద చేయి వేసి, ఒక్కొక్కదాన్ని ఇటు తిప్పి అటు తిప్పి, తల అడ్డంగా ఊపింది.

"ఇవి?" అన్నాడు ఆయన, పెన్సిలు పట్టుకొని.

"ఇవి ఆయమ్మకు తెలుసు" అంది సుంకమ్మ.

ఎద్దులను తిప్పుకొని, లారీకీ గోడకూ మధ్య సందు చాలక, లారీ చుట్టూ తిరిగి పోయింది. కొండప్ప నాలుగు చీటీలు చించి, నాలుగు పీలికలకు కట్టాడు. తక్కిన పన్నెండింటినీ అరుగు మీదే ఉంచి, పక్కన కూర్చున్నాడు. ఈ వాన చూసి మిగతావాళ్ళు కూడా బయలుదేరి ఉంటారు. లారీ అవతల గంట చప్పుడు వీధి చివరిదాకా వినిపించింది. దాని వెనక చక్రాల చప్పుడు లేదు.